తోమకూడని అయస్కాంతం

ఆ రోజు ఆ ఇంట్లో ఆరుగురు ఉన్నారు. పిట్ట, పిట్ట మొగుడు, వాళ్ళ ఆరేళ్ళ కూతురు చిట్టి, పిట్ట అత్తగారు, ఆవిడ తమ్ముడు టికెట్ కలెక్టరు మావయ్య, హాలు మధ్యలో నిచ్చెనెక్కి ఫ్యాను విప్పుతున్న మెకానిక్కు. మెకానిక్కు తన పని ముగించుకుని మధ్యలోనే వెళ్ళిపోయాడు కాబట్టి అతన్ని లెక్కలోంచి తీసేసి, అతని చోట మేడమ్‌ని వేసుకోవచ్చు. మేడమ్‌ని ఆ రోజు ఎవరూ రమ్మనలేదు.

ఇల్లంతా అట్టపెట్టెలే. ఇంకో వారంలో వాళ్ళు ఊరు మారుతున్నారు. పిట్టకి ఒక పెద్ద పరిశోధన సంస్థలో, ఒక విభాగానికి పెద్దగా ఉద్యోగం వచ్చింది. సామాను సర్దడంలో సాయం చెయ్యడానికి అత్తగారు వచ్చింది. అక్కకి కబుర్లు చెప్పేవాళ్ళు ఒకరుండాలని మావయ్య వచ్చాడు. పొద్దున్నించీ ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఏ పెట్టెలో ఏది పెట్టాలో అందరికీ చెబుతున్నాడు.

మేడమ్ కింద మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైనించి పిట్ట మొగుడి గొంతు వినిపించింది.

"మూడో మెట్టు చూసుకోండి మేడమ్! అంచు విరిగింది."

అతను కిటికీలోంచి చూసి, తలుపు తీసుకుని, నాలుగు మెట్లు దిగి వచ్చి మరీ చెయ్యందించాడు. ఆ చెయ్యి ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఈతకొలను నీళ్ళ వాసన వేస్తోంది. మేడమ్ ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని ఎక్కింది.

పిట్ట అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. లాబులో చేరిన కొత్తల్లో మధ్యాహ్నం నాలుగు ముక్కలు కొరికి డబ్బా మూసేసేది. "ఇదేం తిండే, పిట్టలాగా!" అని మేడమ్ ఒకసారి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. పెళ్ళయ్యాక అత్తగారు కూడా అదే పిలుపు అందుకుంది.

మేడమ్ మెటీరియల్స్ కెమిస్ట్రీ ప్రొఫెసరు. కొత్త కొత్త పదార్థాలు తయారుచేసి, అవి ఎందుకు పనికొస్తాయో చూడటం ఆవిడ పని. ఇరవై ఏళ్ళకి పైగా ఎన్నో పేపర్లు రాసింది. వాటిలో చాలావాటిని ఆవిడా, అచ్చువేసినవాళ్ళూ తప్ప ఇంకెవరూ చదివి ఉండరు. పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే. బూడిదరంగు పొడి ఒకటి తయారుచేసి, దాన్ని నీళ్ళలో కలిపి వెలుతురు చూపిస్తే హైడ్రోజన్ బుడగలు బుడగలుగా విడిపోయి వస్తుందని, మామూలుగా ఆ పని చేసే ఖరీదైన ప్లాటినం ఊసే అక్కర్లేదని అందులో రాశారు. మొదటి పేరు పిట్టది, చివరి పేరు మేడమ్‌ది. ప్రయోగాలన్నీ పిట్ట చేతుల మీద జరిగాయి. లాబులో ఆ పేపరుని "పెద్దది" అనేవాళ్ళు. ఇంటికి పెద్దకొడుకుని అన్నట్టు.

ఆ పెద్దదాన్ని పట్టుకుని ప్రపంచం నలుమూలల వందలమంది తమ పేపర్లు రాసుకున్నారు. ఒకరు మన పేపరుని తమ పేపరులో పేర్కొంటే అది మనకి ఒక సైటేషను. మేడమ్ ఫోనులో ఒక ఏర్పాటు ఉంది. ఎక్కడ ఎవరు ఆవిడ పేపరుని పేర్కొన్నా ఫోను "టింగు"మంటుంది. లాబులో పిల్లలు ఆ చప్పుడు వినగానే పని ఆపేసి చప్పట్లు కొట్టేవాళ్ళు. 

తమాషా ఏమిటంటే, ఆ పొడి పనిచెయ్యనివాళ్ళు కూడా పెద్దదాన్ని పేర్కొనేవాళ్ళు. "ఫలానావాళ్ళకి ఇంత వచ్చింది, మాకు అందులో పదో వంతే వచ్చింది, కారణం తెలియదు" అని రాసేవాళ్ళు. అదీ ఒక సైటేషనే. లెక్కపెట్టే కంప్యూటరుకి మెచ్చుకున్నవాడికీ నెత్తి కొట్టుకున్నవాడికీ తేడా తెలియదు. "పొడి కాల్చేటప్పుడు ఓపిక ఉండాలి. చెయ్యి కుదరాలి" అని మేడమ్ వాళ్ళకి జవాబులు రాసేది. తన చేతిలో, తను నేర్పిన చేతుల్లో ఏదో ఉందని ఆవిడ మనసారా నమ్మింది.

హాల్లోకి రాగానే అత్తగారు ఒక అట్టపెట్టె మీద దుమ్ము దులిపి కూర్చోమంది.

"రండి టీచరమ్మా. కుర్చీలన్నీ కట్టేశాం. ఉన్న ఒక్కదాన్నీ మా తమ్ముడు వదలడు."

"నేను లేస్తే దాన్నీ కట్టేస్తారు. కాపలా కాస్తున్నా" అన్నాడు మావయ్య. "అమ్మా, మీరే తీర్చాలి మా తగువు. అమ్మాయికి ఈ ఉద్యోగం ఎందుకొచ్చిందని మా అక్క అడుగుతోంది. ఎవరో ఎక్కడో తన పేరు రాసుకున్నారట, అందుకని వచ్చిందట. నిజమేనా?"

"నిజమేనండీ" అంది మేడమ్.

"ఎక్కడ రాస్తారు? పైనా?"

"చివర్న."

"చివర్నా! అంటే పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నిలబెట్టినట్టు."

"అలా ఎక్కువ ఫోటోల్లో పడితే పెద్ద ఉద్యోగం ఇస్తారన్నమాట" అంది అత్తగారు. "మరి మావాడు ఒక్క ఫోటోలోనూ పడలేదేం?"

"వాడా?" మావయ్య తొడ చరుచుకున్నాడు. "వాడి చెయ్యి తగిలితే పొడి కూడా అలిగేదట కదా! ఈ అమ్మే చెప్పారు. చెయ్యి లేని పెళ్ళికొడుకు!"

అందరూ నవ్వారు. ఆ ఇంట్లో నలుగురూ కలిసినప్పుడల్లా ఆ హాస్యం ఒకసారి నడవాల్సిందే. పిట్ట మొగుడు కూడా నవ్వాడు. అతను గాజు గ్లాసుల్ని ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పెట్టెలో పెడుతున్నాడు. చుట్టేముందు ఒక్కొక్కదాన్నీ వెలుతురుకేసి పట్టి చూస్తున్నాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు.

అతను కూడా ఒకప్పుడు ఆ లాబులోనే ఉండేవాడు. మేడమ్ అతనికి పెట్టిన పేరు శుభ్రం. అతను కడిగిన గాజు పాత్రలో నీళ్ళు పోస్తే, పాత్ర ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. మూడేళ్ళు చేశాడు. అదే పొడి, అదే దీపం, పక్కపక్క బల్లలు. పిట్ట పాత్రలో బుడగలు కుతకుతమనేవి. శుభ్రం పాత్రలో నాలుగు బుడగలు వచ్చి, ముఖం చాటేసేవి. చివరికి ఒక రోజు మేడమ్ అందరి ముందూ అంది: "నీ చేతికి ఈ పొడి పలకదయ్యా. చెయ్యి అందరికీ ఉండదు. ఇంకేదైనా చూసుకో." కోపంతో అనలేదు. అతని మంచికే అంటున్నాననుకుంది. అతను మర్నాడే తన బల్ల తుడిచి, తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈతకొలనుల్లో నీళ్ళు పరీక్ష చేసే పని చేస్తున్నాడు. పిట్టా అతనూ ఆ తరవాత పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికి మేడమ్ వెళ్ళింది, అక్షింతలు వేసినట్టు ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టింది.

మెకానిక్కు ఫ్యాను దించి, రెక్కలు తాడుతో కట్టి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. విప్పుతున్న చప్పుడు ఆగేసరికి హాలు ఒక్కసారిగా నిశ్శబ్దంగా అయిపోయింది.

"పిట్టా, నీతో ఒక మాట" అంది మేడమ్.

"చెప్పండి మేడమ్. అందరూ మనవాళ్ళేగా."

"టీ పెడుతూ విందువు గాని. పద."

వంటింట్లో కూడా పెట్టెలే. ఒక మూల చిట్టి కూర్చుని, ఇంకా అంటించని పెట్టెలోంచి వస్తువులు తీసి మళ్ళీ పెడుతోంది. దాని దృష్టిలో అది సర్దడమే. మేడమ్ దాని బుగ్గ గిల్లి, పొయ్యి పక్కన నిలబడింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూనే వచ్చింది.

"మన పెద్దదాన్ని వెనక్కి తీసుకోవాలే" అంది చివరికి.

పిట్ట గిన్నెలో నీళ్ళు పోస్తోంది. నీళ్ళు పోస్తూనే ఉంది. గిన్నె నిండి పొర్లాక కుళాయి కట్టింది.

"తప్పు జరిగింది" అంది మేడమ్. "నాదే. నువ్వు భయపడకు. నిదానంగా విను."

సంగతి ఇదీ. ఏ కెమిస్ట్రీ లాబులోనైనా ద్రావణాలు కలపడానికి చిన్న చిన్న అయస్కాంతాలు వాడతారు. చిక్కుడు గింజంత ఉంటాయి, పైన తెల్లటి ప్లాస్టిక్ పూత. పాత్ర అడుగున ఒకటి వేసి కింద యంత్రం తిప్పితే గిర్రున తిరుగుతాయి. మేడమ్ దగ్గరవి ఆవిడ గురువుగారివి. ఆయన రిటైరై వెళ్ళిపోతూ ఒక రేకు డబ్బా నిండా అవి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆయన పోయాక ఆవిడకి ఆ డబ్బా మీద మమకారం ఇంకా పెరిగింది. లాబులో చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటి రోజున అందులోంచి ఒకటి తీసి తన చేత్తో ఇచ్చేది. ఇస్తూ ప్రతిసారీ ఒకే మాట చెప్పేది: "నీళ్ళతో కడిగితే చాలు. ఎక్కువ తోమకండి, పూత పోతుంది."

గురువుగారు జీవితమంతా ప్లాటినంతోనే పనిచేశాడు. పాత పూతకి కంటికి కనపడనంత సన్నటి పగుళ్ళుంటాయి. ఆ పగుళ్ళలో ఆయన ప్లాటినం దాక్కుని ఉండిపోయింది.

ఈ మధ్యే చేరిన ఒక కొత్త పిల్లకి ఇద్దామంటే డబ్బాలో అయస్కాంతాలు అయిపోయాయి. దుకాణం నించి కొత్తది తెప్పించి ఇచ్చింది. ఆ పిల్లకి బుడగలు రాలేదు. మేడమ్ ఎప్పటిలాగే "చెయ్యి కుదరలేదు" అంది. ఎలా చెయ్యాలో చూపిద్దామని తనే చేతులు తుడుచుకుని దిగింది. ఆవిడకీ రాలేదు. వారాల తరబడి చేసింది, రాలేదు. సొరుగులో మూల పడి ఉన్న పాత అయస్కాంతం ఒకటి దొరికితే అది వేసింది. కుతకుత వచ్చాయి. తన పొడి అవతల పారబోసి, గోడలకి వేసే తెల్లరంగులో కలిపే మామూలు పొడి నీళ్ళలో వేసి, అదే అయస్కాంతం తిప్పింది. దాంతోనూ కుతకుత వచ్చాయి.

"ఏ పొడి వేసినా వస్తాయే" అంది మేడమ్. "మన పొడిలో ఏమీ లేదు. అప్పుడూ లేదు. అయస్కాంతాన్ని పరీక్ష చేయించాను. ప్లాటినమే."

చెప్పడం అయిపోయింది. పిట్ట "అయ్యో" అంటుందనుకుంది, "అదెలా మేడమ్?" అంటుందనుకుంది. లేకపోతే నమ్మకుండా పోట్లాడుతుందనుకుంది. పిట్ట గిన్నె పొయ్యి మీద పెట్టి, మంట సన్నం చేసి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు. ముందు నీకే."

"మంచిది."

మేడమ్‌కి ఆ "మంచిది" ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఎక్కడో తెలియలేదు. ఆవిడ గబగబా చెప్పుకుపోయింది. ఇద్దరూ కలిసి పత్రికకి రాస్తే, తెలియక జరిగిన పొరపాటని ఒప్పుకుంటారు. మర్యాదగా వెనక్కి తీసుకోవచ్చు. ఒక్కరే రాస్తే విచారణంటారు, ఎవరిని నమ్మాలంటారు, బురద చల్లుకోవడమవుతుంది. నువ్వు ఊఁ అంటే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటాను. తప్పంతా నా మీదే వేసుకుని రాస్తాను.

"నా ఉద్యోగమో?" అంది పిట్ట.

మేడమ్ పొయ్యి మీది గిన్నె వంక చూసింది.

"నన్ను దేన్ని చూసి తీసుకున్నారు మేడమ్? నా మొహం చూసా? నేను రాసినవాటన్నిట్లో ఆ ఒక్కటి తీసేస్తే ఏం మిగులుతుంది? దాని మీద ఆనుకుని రాసినవి ఎన్ని? అవీ పోతాయి. మీకేం, రిటైరవబోతున్నారు. ఈ ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాం. దీన్ని అక్కడి బడిలో చేర్చేశాం. ఈయన పనికి రానని చెప్పేశారు."

"చూడు తల్లీ..."

"తల్లీ అనకండి."

సరిగ్గా అప్పుడే మూలనించి చిట్టి, "అమ్మా, ఇదేంటి? చాక్లెట్టా?" అంది. దాని చేతిలో చిన్న రేకు డబ్బా ఉంది. మూత తీసింది. అందులో దూది, దూది మీద తెల్లటి అయస్కాంతం ఒకటి.

"ముట్టుకోకు!" పిట్ట ఎంత గట్టిగా అరిచిందంటే చిట్టి డబ్బా వదిలేసింది. అయస్కాంతం గచ్చు మీద పడి, దొర్లుకుంటూ వచ్చి మేడమ్ చెప్పుల్లేని కాలికి తగిలి ఆగింది. చిట్టి ఏడుపందుకుంది.

మేడమ్ వంగి దాన్ని తీసింది. పాతది. గురువుగారి డబ్బాలోదే. పక్కన సన్నటి గీత ఉంది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని పిట్ట వంక చూసింది. పిట్ట చూపు తిప్పుకుంది. అప్పుడు ఇందాకటి "మంచిది" ఎక్కడ గుచ్చుకుందో మేడమ్‌కి తెలిసింది.

"నీకు తెలుసు" అంది మేడమ్. అడిగినట్టు లేదు ఆ మాట.

"ఏమైందర్రా?" అంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ వెనక మావయ్య, కుర్చీ పోతే పోయిందని లేచి వచ్చాడు. వాళ్ళిద్దరినీ దాటుకుని పిట్ట మొగుడు లోపలికొచ్చి చిట్టిని ఎత్తుకున్నాడు. దాని ముక్కు తుడిచాడు. అప్పుడు మేడమ్ అరచేతిలో ఉన్నది చూశాడు.

"ఇది పిట్టది కదూ" అన్నాడు. "పాతవాటి మీద మీకు అంత ఇష్టమేంటో నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు మేడమ్. నాకూ ఇచ్చారు ఒకటి. ఇచ్చిన రోజే తీసుకెళ్ళి ద్రవరాజంలో నానబెట్టాను."

ద్రవరాజమంటే బంగారాన్ని కూడా కరిగించే ఆసిడ్. ప్లాటినాన్నీ కరిగిస్తుంది.

"ఒక రాత్రంతా నానబెట్టా" అన్నాడతను. "మీరు తోమొద్దన్నారు గాని, నానబెట్టొద్దనలేదుగా. పాత మురికంతా పోయి, కొత్తదానిలా..."

అక్కడ ఆగిపోయాడు. నెమ్మదస్తుడే గానీ తెలివితక్కువవాడు కాదు. మేడమ్ మొహం చూశాడు. పెళ్ళాం మొహం చూశాడు.

"దాంట్లో ప్లాటినం ఉందా మేడమ్?" అన్నాడు.

"ఉంది."

"అన్నిట్లోనూ?"

"అన్నిట్లోనూ. నీదాంట్లో తప్ప."

మావయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏంటి, ఖరీదైన సరుకా? అమ్మొచ్చా?" అన్నాడు. అత్తగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని గిల్లింది. ఆవిడకీ అర్థం కాలేదు గానీ, కొడుకు మొహం అర్థమైంది.

అతను చిట్టిని కిందికి దించాడు. పిట్టని అడిగాడు.

"నీకు ఎప్పటినించి తెలుసు?"

"తెలియదు. అనుమానం. అంతే."

"ఎప్పటినించి అనుమానం?"

పిట్ట పొయ్యి ఆర్పింది. "నువ్వు లాబు మానేసిన వారానికి. నీ అయస్కాంతం నీ బల్ల మీదే వదిలేశావు. అది వేసి చూశాను. రాలేదు. నాది వేస్తే వచ్చింది."

"నా దగ్గరికి రావలసిందే" అంది మేడమ్. "నాకు చెప్పవలసిందే!"

"వచ్చాను." పిట్ట మొదటిసారి గొంతు పెంచింది. "మీ గదిలోకొచ్చి, అయస్కాంతం మారిస్తే ఫలితం మారుతోంది మేడమ్ అన్నాను. అప్పటికి పేపరు పంపేసి మూడు రోజులైంది. మీరేమన్నారో గుర్తుందా? 'నీకూ శుభ్రం గాలి సోకిందా? పోయి పని చూసుకో' అన్నారు. పోయి చూసుకున్నాను."

మేడమ్‌కి గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా ఆ రోజు దొరకలేదు. అనే ఉంటుంది. అది తను అనే మాటే. ఆవిడకి తల తీసేసినట్టయింది.

"సరే" అంది నీరసంగా. "అందుకే అంటున్నా, ఇప్పుడైనా రాద్దాం. వీడొక్కడే అనుకున్నావా? చెయ్యి లేదనిపించుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఎన్ని లాబుల్లో ఎంతమంది ఉంటారే? వాళ్ళ కోసమన్నా. ఊఁ అను."

"అనను. నేను సంతకం పెట్టను. మీరొక్కరే రాస్తే నేనూ రాస్తాను. మేడమ్ పెద్దవారైపోయారు, ఈ మధ్య చెయ్యి వణుకుతోంది, తన ప్రయోగం తనకే కుదరడం లేదు, అందుకని పాతదంతా తప్పనిపిస్తోంది ఆవిడకి అని రాస్తాను. ఎవర్ని నమ్ముతారో చూద్దాం. ఎనిమిది వందలమంది పేర్కొన్న పేపరుని కాదంటారో, మిమ్మల్ని కాదంటారో."

మేడమ్ తన చేతుల వంక చూసుకుంది. నిజంగానే కొంచెం వణుకుతున్నాయి. ఆ వణుకు మధ్యలో అయస్కాంతం అరచేతిలో అటూ ఇటూ దొర్లుతోంది. ఎనిమిది వందలమందిలో ఒక్కరైనా తన మాట నమ్ముతారా అని ఆలోచించింది. నమ్మితే వాళ్ళ పేపర్లూ పోతాయి కదా. పోగొట్టుకోవడానికి ఎవరొస్తారు?

ఇంక ఒక్కడే మిగిలాడు. ఆవిడ పిట్ట మొగుడి వైపు తిరిగింది. అతను సాక్ష్యం చెబితే చాలు. తను నానబెట్టిన సంగతి, తనకి బుడగలు రాని సంగతి నాలుగు ముక్కలు రాసిస్తే చాలు. ఎవరూ కాదనలేరు. అతనికీ న్యాయం జరుగుతుంది. పోయిన మూడేళ్ళు పోయాయి గానీ, చెయ్యి లేదన్న మాటైనా పోతుంది. 

"బాబూ" అంది. "నువ్వు చెప్పు దానికి."

అతను చెయ్యి చాపాడు. ఏమి అడుగుతున్నాడో ఆవిడకి అర్థమై, అయస్కాంతం అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గ్లాసుల్ని చూసినట్టే వెలుతురుకేసి పట్టి చూశాడు. గోటితో ఆ సన్నటి గీత మీద ఒకసారి రాశాడు. చాలాసేపు చూశాడు. అది లేకపోతే కొత్త చోట బుడగలు రావని తెలిసిన పిట్ట, దాన్ని ఏ ఆసిడ్‌లో పడేస్తాడోనని ఊపిరి బిగబట్టుకుంది. మేడమ్ కూడా బిగబట్టుకుంది, వేరే ఆశతో.

అతను కింద పడ్డ డబ్బా తీశాడు. దూది దులిపి, సరిచేసి, అయస్కాంతాన్ని దాని మీద పడుకోబెట్టాడు. మూత పెట్టాడు. డబ్బాని పెట్టె అడుగున, రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టాడు. పైన చిట్టి తీసిన సామానంతా ఒక్కొక్కటీ వరసగా సర్దాడు. అట్టలు మూసి, టేపు లాగాడు. టేపు చప్పుడు ఇల్లంతా బర్రుమని వినిపించింది. ఒకసారి అడ్డంగా అంటించాడు, ఒకసారి నిలువుగా అంటించాడు. జేబులోంచి పెన్ను తీసి "పగిలేవి" అని రాశాడు.

"ఇటు చూడు..." అంది పిట్ట.

అతను ఆమె వైపు చూడలేదు. ఇంకెప్పుడైనా చూస్తాడో లేదో అనిపించింది.

అప్పుడే మేడమ్ చేతిసంచిలో ఫోను టింగుమంది.

చిట్టి కన్నీళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. దానికి ఆ చప్పుడు పుట్టినప్పటినించీ తెలుసు. "మేడమ్ అమ్మమ్మా! మీ పేరు మళ్ళీ ఎవరో రాశారు!"

"రాయనీ తల్లీ" అన్నాడు మావయ్య. ఎందుకో ఆయన గొంతులో హాస్యం లేదు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు మరిగిన నీళ్ళు పారబోసింది. టీ సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

పిట్ట మొగుడు ముందు నడిచి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు. వెళ్ళమని అనలేదు. మేడమ్ అట్టపెట్టెల మధ్యనించి, గోడ పట్టుకుని వచ్చింది. గుమ్మం బయట చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఎడమ చెప్పు పట్టీ ఎంతకీ ఎక్కలేదు. అతను ఓపిగ్గా నిలబడ్డాడు. పట్టీ ఎక్కాక ఆవిడ నిటారుగా నిలబడి, అతని చేతి వంక చూసింది. తలుపు పిడి మీద ఉందది. శుభ్రంగా, ఎక్కడా వణుకు లేకుండా. ఆ చెయ్యి గురించి ఒక్క మాట చెప్పాలి. పేపరు పోనీ, ఉద్యోగాలు పోనీ, ఎనిమిది వందలమందీ పోనీ. ఈ ఒక్క మాటా చెబితే చాలు.

"బాబూ, నీ చెయ్యి..."

"మూడో మెట్టు చూసుకోండి మేడమ్" అన్నాడతను, వచ్చినప్పుడు అన్నట్టే. తలుపు వేసేశాడు.